ఫ్యాన్ ఫెస్ట్ "ఆటోగ్రాఫ్ + ఫోటో" పాస్: 2,500 పెట్టొచ్చా? బెజవాడ నుంచి నా రివ్యూ

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నా, ఈ పాస్ కొనొద్దు. ఈవెంట్‌కి వెళ్ళాలనిపిస్తే మామూలు ఎంట్రీ టికెట్ తీసుకుని వెళ్ళండి, స్టాల్స్ చూడండి, సినిమా, కామిక్ పాత్రల్లా వేషాలేసుకొచ్చే కాస్‌ప్లే పిల్లల్ని చూడండి, ఎంత కష్టపడి కుట్టించుకుని వస్తున్నారో, అది బాగుంటది. ప్రీమియం పాస్ జోలికి మాత్రం పోకండి. నిర్వాహకుల పేరు, వచ్చిన నటుడి పేరు రాయట్లేదు, ఎందుకంటే నా కంప్లయింట్ ఇంకా తేలలేదు, పైగా ఆ పెద్దాయన తప్పు ఇందులో ఏమీ లేదని నా గట్టి నమ్మకం. బెజవాడలో ఒక కన్వెన్షన్ హాల్లో జరిగింది, వెళ్ళినవాళ్ళకి చదవగానే తెలిసిపోద్ది.

అసలు ఇది రివ్యూ లాగా మొదలుపెట్టా గానీ నా మనసులో ఇంకో లెక్క కూడా నడుస్తోంది. ఇలాంటి ఈవెంట్లకి వెళ్ళడం, సంతకాలు దాచుకోవడం ఇక ఆపేయాలా వద్దా అని చాలా రోజులుగా ఆలోచిస్తున్నా. కాలేజీ రోజుల నుంచి ఉన్న అలవాటు ఇది, సినిమా వాళ్ళు, క్రికెటర్లు, కథలు రాసేవాళ్ళు, బొమ్మలేసేవాళ్ళు, ఎవరు ఊళ్ళోకొచ్చినా తుమ్మలపల్లి కళాక్షేత్రం గేటు దగ్గరో హోటల్ లాబీలోనో చిన్న పుస్తకం పట్టుకుని నిలబడేవాణ్ణి. ఈ పాస్ అనుభవంతో ఆ ఆలోచన ఒక కొలిక్కి వచ్చింది, అందుకే రెండూ కలిపే రాస్తున్నా.

పాస్ సంగతి. పోస్టర్ మీద పెద్దక్షరాలతో "ఆటోగ్రాఫ్ + ఫోటో" అని ఉంది, మనిషికి 2,500. నాకూ మా మేనకోడలికీ కలిపి 5,000. అది ఇంటర్ చదువుతోంది, బొమ్మలు బ్రహ్మాండంగా వేస్తది, ఆ నటుడి బొమ్మ చార్‌కోల్‌తో వేసి, దాని మీద ఆయన చేత సంతకం పెట్టించుకోవాలని వారం పాటు కూర్చుని ఫినిష్ చేసింది. రిపోర్టింగ్ టైం పొద్దున 11 అన్నారు. వెళ్తే రిస్ట్ బ్యాండ్ కట్టి ఒక సైడ్ హాల్లో కూర్చోబెట్టారు, ఏసీ ఉంది, కుర్చీలు సరిపడా లేవు, మంచినీళ్ళు బయటకెళ్ళి కొనుక్కోవాలి, బయటకెళ్తే లైన్లో చోటు పోద్ది. పెద్దవాళ్ళు కొందరు గోడకి ఆనుకుని కింద కూర్చున్నారు. మూడున్నర దాటాక లైన్ కదిలింది. ఇదంతా నేను పట్టించుకోను, లైన్లో నిలబడటం ఈ అలవాటులో భాగమే, నిజం చెప్పాలంటే నాకు బాగా దగ్గరైన ఫ్రెండ్స్‌లో సగంమంది ఇలాంటి లైన్లలో పరిచయమైనవాళ్ళే. అసలు కథ టేబుల్ దగ్గర.

టేబుల్‌కి ముందు ఒక వాలంటీర్ కుర్రాడు నిలబడి అందరి చేతుల్లో ఉన్నవి తీసి పక్కన పెట్టిస్తున్నాడు. "సార్, బయటి వస్తువుల మీద సైన్ ఉండదు సార్, ప్రింట్ ఇస్తాం, దాని మీద ఉంటది" అన్నాడు. మా మేనకోడలి చేతిలో ఉన్న బొమ్మ చూపించి "బాబూ, ఇది తనే వేసింది, ఒక్కసారి ఆయనకి చూపించనివ్వు చాలు" అన్నా. "టైం లేదు సార్, వెనకాల చాలామంది ఉన్నారు" అన్నాడు, ఆ అబ్బాయి తప్పు కాదు, పై నుంచి చెప్పిందే చెప్తున్నాడు. ఫోటోగ్రాఫర్ పక్కకి జరగమన్నాడు, నిలబడ్డాం, ఫ్లాష్ పడింది, అయిపోయింది. ఆ పెద్దాయన మా వైపు తిరిగి నవ్వి ఏదో అనబోయాడు, ఈలోపు "నెక్స్ట్ నెక్స్ట్" అని మమ్మల్ని దాటించేశారు. అవతల టేబుల్ మీద కట్టలు కట్టి ఉన్న ప్రింట్లలోంచి ఒక్కోటి తీసి చేతిలో పెట్టారు. సంతకం అప్పటికే ఉంది.

తిరుపతిలో గంటలకొద్దీ లైన్లో నిలబడి గర్భగుడి ముందు "జరగండి జరగండి" అని తోసేస్తారే, అలా అనిపించింది, కాకపోతే అక్కడ ఆ ఒక్క క్షణమైనా స్వామి ముందు నిలబడ్డామన్న తృప్తితో బయటకొస్తాం. ఇక్కడ అదీ దక్కలేదు.

ఇంటికొచ్చాక మా మేనకోడలే కనిపెట్టింది. రెండు ప్రింట్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి వెలుగులో చూసి, "మావయ్యా, ఇటు చూడు, నాదీ నీదీ ఒకటే" అంది. నిజంగా ఒకటే. మొదటి అక్షరం మొదలైన చోటు, మధ్యలో సున్నా తిప్పిన తీరు, చివర తోక పైకి లేచిన చోటు, అన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిపోయాయి. మనిషి చేత్తో రెండుసార్లు పెట్టిన సంతకం ఎప్పుడూ అలా కలవదండీ, కావాలంటే మీ సంతకమే రెండు కాగితాల మీద పెట్టి చూసుకోండి, పొడవైనా మారుద్ది, ఒంపైనా మారుద్ది. తర్వాత భూతద్దం పెట్టి చూశా, గీత మొత్తం చిన్న చిన్న రంగు చుక్కలు. పెన్నుతో పెట్టింది అయితే గీత నిండుగా ఉంటది, ఒక గీత మీంచి ఇంకో గీత దాటిన చోట సిరా కొంచెం ముదురుగా కనిపిస్తది, కాగితాన్ని లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే సిరా మెరుపు వేరు, ఫోటో మెరుపు వేరు. దీన్ని ఎంత తిప్పి చూసినా ఒకటే మెరుపు. అంటే సంతకంతో సహా ఫోటో మొత్తం మెషీన్లో ప్రింట్ కొట్టేశారు.

నిర్వాహకులకి ఫోన్ చేస్తే చాలా మర్యాదగానే మాట్లాడారు, "డిజిటల్లీ సైన్డ్ ప్రింట్ అని టర్మ్స్‌లో ఉంది సార్" అన్నారు. టికెట్ పేజీలో వెతికితే నిజంగానే ఉంది, ఎక్కడో అట్టడుగున, చిన్న అక్షరాల్లో. పోస్టర్ మీద మాత్రం ఆటోగ్రాఫ్. ఆటోగ్రాఫ్ అని పెద్దగా రాసి డబ్బులు తీసుకుని, అది ఆటోగ్రాఫ్ కాదని కింద చిన్నగా రాస్తే సరిపోద్దా? నాకైతే అది ఒప్పుకోబుద్ధి కాలేదు, ఇప్పటికీ కాదు. ఆ లైన్లో ఒక తండ్రి తన చిన్న కొడుకుని భుజాల మీద ఎక్కించుకుని నిలబడ్డాడు, నలుగురు మనుషులకి పాస్‌లంటే పదివేలు, ఆ ప్రింట్ ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకుని ఉంటాడు, అది తలుచుకుంటే బాధేస్తది.

ఇది మన ఊరికే పరిమితమైన జబ్బు కాదు. 2022లో అమెరికా గాయకుడు బాబ్ డిలన్ పుస్తకం స్పెషల్ కాపీలు, స్వయంగా సంతకం పెట్టినవి అని చెప్పి ఒక్కోటి 599 డాలర్లకి అమ్మారు, 900 కాపీలు. కొన్నవాళ్ళు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే అవి ఆటోపెన్, అంటే ఒకే సంతకాన్ని పెన్నుతో మళ్ళీ మళ్ళీ గీసే మెషీన్, పెట్టిన సంతకాలని బయటపడింది. పబ్లిషర్ డబ్బులు వెనక్కిచ్చారు, డిలన్ కూడా తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. అక్కడ కూడా పట్టుకున్నది పెద్ద నిపుణులు కాదు, మా మేనకోడలు చేసిన పనే మామూలు అభిమానులు చేశారు. 1990ల చివర్లో అయితే అమెరికాలో ఎఫ్‌బీఐ వాళ్ళు ఆపరేషన్ బుల్‌పెన్ అని పేరు పెట్టి మరీ దొంగ సంతకాల ముఠాల మీద పడ్డారు, బేస్‌బాల్ ఆటగాళ్ళ సంతకాలు బంతుల మీద గుట్టలు గుట్టలుగా పెట్టి అమ్మేవాళ్ళంట, పైగా దానికి నిజమైనదే అని సర్టిఫికెట్ కూడా జతచేసి. అందుకే ఆన్‌లైన్లో ఎవరైనా "సర్టిఫికెట్‌తో సహా ఇస్తాం" అంటే సంబరపడకండి, ఆ సర్టిఫికెట్ ఎవరిచ్చారో చూడండి, అమ్మేవాడే ఇచ్చుకుంటే దానికి విలువేముంది.

మా నాన్న వాళ్ళ తరంలో మద్రాసుకి ఉత్తరం రాస్తే హీరోల ఫోటో పోస్టులో వచ్చేది, సంతకంతో. మా ఇంట్లో కూడా ఒకటి ఉంది, భూతద్దం కింద పెడితే అదీ అచ్చే. కానీ దానికి ఎవరూ 2,500 తీసుకోలేదు, పోస్టల్ స్టాంపు ఖర్చంతే, ఒక గుర్తుగా పంపేవాళ్ళు. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇప్పుడు రెండో లెక్క. ఆపేయాలా?

ఆపేయమనడానికి కారణాలు చాలా ఉన్నాయి. మాది బెజవాడలో సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్ళు ఎలా వచ్చాయో అక్కడున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. గ్రౌండ్ ఫ్లోర్లో బీరువా కింద అరలో ఉన్న ఆల్బమ్స్ నీళ్ళలో నానిపోయాయి, నీళ్ళు తగ్గి ఇంట్లోకి అడుగుపెట్టేసరికి చాలా రోజులు పట్టింది. నిగనిగలాడే ఫోటోలు ఎదురెదురుగా పెట్టినవి ఒకదానికొకటి అతుక్కుపోయాయి, విడదీస్తే పై పొర ఊడొచ్చింది. జెల్ పెన్నుతో, ఫౌంటెన్ పెన్నుతో పెట్టినవి నీలంగా ఒక మరకలా మిగిలాయి. బాల్ పెన్నుతో పెట్టినవి మాత్రం బురద కడిగితే కింద చెక్కుచెదరకుండా ఉన్నాయండీ, ఎందుకంటే అందులో ఉండేది నూనె సిరా, నీళ్ళకి అంత తేలిగ్గా కరగదు. పర్మనెంట్ మార్కర్లు కూడా నిలబడ్డాయి. డాబా మీద పాత చీరలు పరిచి, ఒక్కో కాగితం ఆరబెడుతుంటే మా ఆవిడ పక్కన కూర్చుని సాయం చేస్తూనే "ఇంక చాలు కదండీ" అంది. కోపంగా కాదు, జాలిగా. వరదలో బియ్యం పోయాయి, ఫ్రిజ్ పోయింది, పిల్లల సర్టిఫికెట్లు తడిసిపోయాయి, అలాంటప్పుడు నేను సంతకాల కోసం కూర్చుని ఏడవలేను కదా, కానీ లోపల ఏడ్చా.

సంతకాలు దాచుకునేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే రెండు మాటలు. లామినేషన్ చేయించకండి, ఆ వేడికి సిరా పాకుద్ది, పైగా ఇంక ఎప్పటికీ విడదీయలేం. మెత్తగా ప్లాస్టిక్ వాసన వచ్చే పీవీసీ కవర్లు వద్దు, కొన్నాళ్ళకి అవే ఫోటోకి అతుక్కుంటాయి, పాలీప్రొపిలీన్ కవర్లు అడిగి తీసుకోండి. ఎండ పడే గోడకి ఫ్రేమ్ తగిలించకండి, బెజవాడ ఎండకి మార్కర్ రంగు వెలిసిపోవడం నేను కళ్ళారా చూశా. నల్లటి కవర్ ఉన్న పుస్తకాల మీదకి సిల్వర్ పెయింట్ మార్కర్ బాగుంటది, ఇచ్చే ముందు కాస్త ఊపి చిత్తు కాగితం మీద గీసి ఇవ్వండి, లేదంటే ఒక్కసారిగా బొట్టు పడుద్ది. అన్నిటికంటే ముఖ్యం, నేలకి దగ్గరగా పెట్టకండి, మన ఊళ్ళో అస్సలు వద్దు.

ఆపొద్దు అనడానికి నాకున్న కారణం హైదరాబాద్ కామిక్ కాన్, అంటే కామిక్స్ అభిమానుల మేళా. అక్కడ 2013 నుంచి జరుగుతోంది, నేను వెళ్ళినప్పుడు హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్‌లో పెట్టారు. అందరూ పెద్ద స్టేజీ, విదేశీ గెస్టులు, గేమింగ్ స్టాల్స్ వైపు పరిగెడతారు గానీ నాకు మాత్రం ఆర్టిస్ట్ ఆలీ అనే వరసే అసలు కామిక్ కాన్. చిన్న చిన్న టేబుళ్ళు, వాటి వెనకాల కామిక్ వేసిన మనిషే కూర్చుని ఉంటారు. వాళ్ళ పుస్తకం ఒకటి కొంటే మొదటి పేజీ తిప్పి, పేరడిగి, సంతకం పెట్టి, చాలాసార్లు పక్కన చిన్న బొమ్మ కూడా వేసిస్తారు. దానికి విడిగా పాస్ లేదు. నా దగ్గరున్న ఒక కామిక్‌లో మొదటి పేజీ మీద ఒక కాకి బొమ్మ ఉంది, బ్రష్ పెన్నుతో ఆ ఆర్టిస్ట్ నా ముందే వేశాడు. ముందు ముక్కు, తర్వాత వీపు మీంచి తోకదాకా ఒకే గీత, కాళ్ళు చివర్లో. వేస్తూ వేస్తూ "మీ ఊళ్ళో కాకులు ఎక్కువా" అని అడిగాడు. ఆ పేజీ మీద బ్రష్ ఆగిన చోట సిరా కాస్త ఎక్కువ దిగి వెనక పేజీ దాకా మచ్చ పడింది, ఆ మచ్చ కూడా నాకిష్టం.

మన దేశంలో కామిక్ కాన్ మొదలైందే అలాంటి మనుషుల కోసం అని నేననుకుంటా. మొట్టమొదటిది 2011 ఫిబ్రవరిలో ఢిల్లీలో పెట్టారు, దాంట్లో అనంత్ పై గారికి జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చారు, మన చిన్నప్పుడు అమర్ చిత్ర కథ, టింకిల్ చదివినవాళ్ళందరికీ ఆయన అంకుల్ పై. అదే నెల 24న ఆయన చనిపోయారు.  మన దగ్గర బాపు గారు 2014లో పోయారు. ఆయన సంతకం గుర్తుపట్టని తెలుగువాడు ఉంటాడా? చందమామకి బొమ్మలేసిన శంకర్ గారు తొంభై దాటిన వయసులో 2020లో పోయారు. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడిచే ఆ బొమ్మ గీసిన చెయ్యి అంతకాలం మన మధ్యే ఉంది, వెళ్ళి ఒక్కసారి నమస్కారం పెట్టి వద్దాం అనుకున్నవాళ్ళు మనలో ఎంతమంది? ఇవి ఆలోచిస్తే "మొత్తం ఆపేద్దాం" అనే మాట నోట రాదు.

హైదరాబాద్ వెళ్ళాలనుకునే మన వైపు వాళ్ళకి ఒక సలహా. శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో తెల్లారగట్ల బయల్దేరి అదే రోజు వచ్చేద్దాం అనుకోకండి, రైలు దిగి, మెట్రో ఎక్కి హైటెక్ సిటీలో దిగి, అక్కణ్ణించి ఆటోలో హాలుకి చేరేసరికి మధ్యాహ్నం అయిపోద్ది, సాయంత్రం తిరుగు శాతవాహన అందుకోవాలంటే లోపల చూసేదేం ఉండదు. చుట్టాలుంటే రాత్రి ఉండండి. మొదటి రోజు పొద్దున్నే వెళ్తే ఆర్టిస్టులు తీరిగ్గా మాట్లాడతారు, ఆదివారం సాయంత్రం అయితే వాళ్ళ చేతులు లాగేస్తుంటాయి పాపం, అప్పుడు అడగడం కూడా న్యాయం కాదు.

ఊరు దాటే పని లేకుండా కావాలంటే మనకి పుస్తక మహోత్సవం ఉండనే ఉంది. 1989లో మొదలైంది, జనవరి వచ్చిందంటే బెజవాడకి అదొక పండగ. ఏళ్ళ తరబడి స్వరాజ్య మైదానంలో జరిగేది, ఇప్పుడక్కడ అంబేద్కర్ విగ్రహం వచ్చింది, 2025లో 35వ మహోత్సవం ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో పెట్టారు. స్టాల్ దగ్గర రచయిత నిలబడి ఉంటారు, పుస్తకం కొని చేతికిస్తే "ఎవరి పేరు రాయమంటారు" అని అడిగి రాసిస్తారు, కుర్చీ ఉంటే కూర్చోమంటారు కూడా. నా దగ్గరున్న సంతకాల్లో వరదకి తట్టుకున్నవి ఎక్కువ ఇవే, ఎందుకంటే రచయితల జేబులో ఉండేది బాల్ పెన్నే. గుంటూరు, తెనాలి నుంచి పొద్దున బయల్దేరి వచ్చి సంచులు నింపుకుని రాత్రికి వెళ్ళిపోయేవాళ్ళని ప్రతిసారీ చూస్తుంటా.

నేను తీసుకున్న నిర్ణయం ఇదీ. డబ్బు కట్టి సంతకం కొనే పాస్ ఏదైనా సరే, ఎవరొచ్చినా సరే, ఇక కొనను. నా కళ్ళ ముందు పెట్టని సంతకం ఇంట్లోకి తీసుకురాను, ఆన్‌లైన్లో కొనడం పూర్తిగా బంద్. హోటల్ లాబీల్లో, గేట్ల దగ్గర నిలబడటం కూడా మానేస్తున్నా, వచ్చినవాళ్ళు అన్నం తినే టైంలో పెన్ను పట్టుకుని మీద పడటం నాకే బాగా అనిపించట్లేదు ఈమధ్య, పైగా ఇప్పుడు వాళ్ళ చుట్టూ సెల్ఫీల కోసం తోసుకునేవాళ్ళే వందమంది. సినిమా వాళ్ళ ఆల్బమ్ అక్కడితో ఆగిపోద్ది, అమ్మను, ఉన్నవి ఉంటాయి, మేడ మీద గదిలోకి మార్చేశా. కామిక్ కాన్, పుస్తక మహోత్సవం మాత్రం వదలను, అక్కడ బొమ్మ వేసినవాళ్ళ దగ్గర, కథ రాసినవాళ్ళ దగ్గర పుస్తకం కొని సంతకం అడుగుతా. ఈసారి మా మేనకోడలు తన స్కెచ్ బుక్ తీసుకొస్తానంది, సంతకాలకి కాదంట, ఆర్టిస్టులకి చూపించి ఎక్కడ తప్పుపోతోందో అడుగుతుందంట.

పాస్‌కి రేటింగ్ అంటే 5కి 1, ఆ ఒక్కటి కూడా ఫోటో బాగా వచ్చినందుకు, వాట్సాప్‌లో చెప్పిన టైంకే పంపారు. మామూలు ఎంట్రీకి 3 ఇస్తా, కాస్‌ప్లే పిల్లల కోసం.

ఇదే పాస్ కొన్నవాళ్ళు మీ ప్రింట్ పారేయకండి. ఇంకొకళ్ళ ప్రింట్‌తో కలిపి వెలుగులో పెట్టి చూడండి, ఒకేలా కలిస్తే ఫోటో తీసి పెట్టుకోండి, టికెట్ మెయిల్, పోస్టర్ స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదు కూడా. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే కంప్లయింట్ రాసుకుని నంబర్ ఇస్తారు, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజేం ఉండదు. నేను 1915కి చేసేశా, నంబర్ వచ్చింది, నిర్వాహకుల నుంచి జవాబు రావాలి. రీఫండ్ ఇస్తే ఆ సంగతి కూడా ఇక్కడే రాస్తా, రేటింగ్ కూడా మారుస్తా.